ముందు పాత సీపీయూ వెనకాల వైర్లు లెక్కపెట్టండి: విండోసా, మ్యాకా, లినక్సా?

మొన్న అనంతపురం మార్కెట్ యార్డులో చీనీకాయల మండీ నడిపే మా బావ ఒక కాగితం పట్టుకుని నా డీటీపీ షాపుకొచ్చాడు. గోడ క్యాలెండర్‌లో అయిపోయిన నెల చించి, దాని వెనక మూడు కొటేషన్లు రాయించుకున్నాడు. మొదటిది ఇంటెల్ ఐ5 అసెంబుల్డ్, రెండోది ఏఎండీ రైజెన్ అసెంబుల్డ్, మూడోది యాపిల్ మ్యాక్ మినీ. మూడోదాని పక్కన వాళ్లబ్బాయి ఎర్రపెన్నుతో టిక్కు కూడా పెట్టేశాడు.

"ఈ మూడింట్లో ఏది ఫాస్టో చెప్పు బావా, అదే తెచ్చుకుంటా."

ఏది ఫాస్టు అంటే పెద్దగా ఆలోచించేదేం లేదు, ఆ కాగితం మీదున్నవాటిలో మ్యాక్ మినీయే. ఆ మాట మాత్రం నేను చెప్పలేదు. "మండీకి పోదాం పా, పాత సిస్టమ్ చూడాల" అన్నాను.

మనవాళ్లు డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటారు. అసలు సీపీయూ లోపలెక్కడో ఫ్యాన్ కింద అగ్గిపెట్టెంత ఉంటుంది. వాడుక ప్రకారం నేనూ డబ్బాను సీపీయూ అనీ, చిప్పును ప్రాసెసర్ అనీ అంటాను. ఆ సీపీయూను గోడ దగ్గర నుంచి ఇటు తిప్పితే, దుమ్ము కింద ఏడు వైర్లు, ఒక టోకెన్ తేలాయి. కరెంటు, మానిటర్, కీబోర్డు, మౌస్ ఎక్కడైనా పనిచేస్తాయి, వాటితో గొడవ లేదు. మిగిలిన నాలుగే కథ నడిపేవి: లేజర్ ప్రింటర్, తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు) కొట్టే డాట్ మ్యాట్రిక్స్, కాటా నుంచి వచ్చే సీరియల్ కేబుల్, పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సంతకం టోకెన్.

కంప్యూటర్ కొనాలని ఎవరొచ్చినా నేను ముందడిగేది ఇదే. ఏ సాఫ్ట్‌వేర్‌తో పని, ఏ సామాను తగిలించాలి? ఆ రెండూ ఏ ప్లాట్‌ఫామ్, అంటే విండోస్, మ్యాక్, ఉచితంగా దొరికే లినక్స్‌లలో ఏది అడిగితే అది తీసుకోవాలి. ప్రాసెసర్ బేరం ఆ తర్వాత.

నాలుగు వైర్లు, ఒక ట్యాలీ

లేజర్ ప్రింటర్ క్యానన్ ఎల్‌బీపీ 2900. మన ఊళ్లలో సగం జిరాక్స్ షాపులు దాని మీదే బతికాయి. దానికి వైఫై లేదు, నెట్‌వర్క్ లేదు, యూఎస్‌బీ ఒక్కటే దారి. పైగా అది పేజీని సొంతంగా తయారు చేసుకునే రకం కాదు. కంప్యూటర్‌లో ఉండే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామే పేజీ మొత్తం వండి దాని నోట్లో పెట్టాలి. డ్రైవర్ లేకపోతే ఎంత మంచి ప్రింటరైనా బరువు తప్ప ఇంకేం కాదు. విండోస్‌లో ఈ తరహా పాత ప్రింటర్లు ఎక్కించడం చిన్నపని. లినక్స్‌లో చాలా మోడళ్లు ఎక్కుతాయి గానీ కొన్నింటికి ఒక సాయంత్రం ధారపోయాలి. కొత్త మ్యాక్ అయితే, ఇప్పుడున్న మ్యాక్ఓఎస్‌కు ఆ మోడల్ డ్రైవర్ ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవాలి. అదే నెట్‌వర్క్‌లో ఎయిర్‌ప్రింట్ ఉన్న కొత్త ప్రింటరైతే మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ డ్రైవర్ ఊసే లేకుండా ప్రింటు వస్తుంది. కాబట్టి ప్రింటర్ మార్చే ఉద్దేశం ఉందా, లేదా అన్నది కంప్యూటర్ ఎంపికలో భాగమే.

కాటా కేబుల్ తొమ్మిది సూదుల పాత సీరియల్ పోర్టుది. ఆ పోర్టు ఇప్పటి మదర్‌బోర్డుల్లో బయటికి కనబడటం తక్కువ. యూఎస్‌బీ కన్వర్టర్ కొన్ని వందల్లో దొరుకుతుంది గనక అది సమస్య కాదు. అసలు చిక్కంతా తూకం చూపించే సాఫ్ట్‌వేర్‌ది. కాటా బిగించినవాళ్లు ఎప్పుడో ఇచ్చిపోయిన చిన్న విండోస్ ప్రోగ్రామ్ అది. దానికి మ్యాక్ రూపం లేదు, లినక్స్ రూపం లేదు, రాసినవాడి ఫోన్ నంబరూ లేదు.

డిజిటల్ సంతకం సంగతి మనిషిని బట్టి ఉంటుంది. మా బావది ప్రొప్రైటర్‌షిప్, జీఎస్టీ రిటర్నుకు ఫోన్‌కొచ్చే ఓటీపీతో సరిపోతుంది. కంపెనీ, ఎల్‌ఎల్‌పీ అయితే సంతకం టోకెన్ తప్పదు. టెండర్లు వేసే కాంట్రాక్టర్లకైతే అది ఊపిరి. టోకెన్ డ్రైవర్లు, సంతకం పెట్టించే యుటిలిటీలు ముందు విండోస్ కోసమే తయారవుతాయి. మిగతావాటికి ఉన్నా, గడువు రోజు రాత్రి పదకొండింటికి అవి మొరాయిస్తే అడగడానికి పక్కషాపులో తెలిసినవాడుండడు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

ఇక ట్యాలీ. ట్యాలీప్రైమ్ విండోస్ మీదే నడుస్తుంది. మ్యాక్‌లో కావాలంటే ప్యారలల్స్ లాంటిది కొని, దాని లోపల విండోస్ వేసి, ఆ విండోస్ లోపల ట్యాలీ వేసుకోవాలి. ఇంట్లో ఇంకో ఇల్లు కట్టుకుని అందులో కాపురం పెట్టినట్టు. ఇంకో మెలిక కూడా ఉంది. ఇప్పటి మ్యాక్‌లలో ఉండేది ఏఆర్‌ఎం తరహా (ఫోన్లలో ఉండే రకం) ప్రాసెసర్, అందువల్ల లోపల వేసే విండోస్ కూడా ఏఆర్‌ఎం విండోసే. మామూలు ప్రోగ్రామ్‌లను అది అనువదించుకుని నడుపుతుంది గానీ డ్రైవర్లను అనువదించలేదు. డ్రైవర్ అనేది ఏఆర్‌ఎం కోసమే ప్రత్యేకంగా రాసి ఉండాలి. పాత ప్రింటర్, పాత టోకెన్ అక్కడ ఆగిపోతాయి. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ కంప్యూటర్లకూ ఇదే వర్తిస్తుంది. పేరు విండోసే గదా అని మోసపోవద్దు.

మండీలో అరగంట కూర్చునేసరికి మా బావ ప్లాట్‌ఫామ్ తేలిపోయింది. ఇంతవరకు ప్రాసెసర్ మాటే రాలేదు చూశారా.

తెలుగు కొట్టేవాళ్ల సంగతి వేరు

నా బాధ నాది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, కర్మకాండ కార్డులు చేసే ప్రతి షాపులోనూ తెలుగు కొట్టే అను స్క్రిప్ట్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ జంట ఉంటుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు పోయింది. మనం మాత్రం వదల్లేదు. ఎందుకంటే ఇరవయ్యేళ్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. "పోయినసారి పెద్దమ్మాయి పత్రిక ఉంది గదన్నా, అందులో పేర్లు మార్చు చాలు" అనే గిరాకీ వారానికి ఒకరైనా వస్తారు.

ఇందులో నవ్వొచ్చే సంగతొకటి. పేజ్‌మేకర్ 1985లో మొదట పుట్టింది మ్యాక్ మీద. మన ఆపరేటర్లు ఇప్పటికీ విండోస్‌లో కొట్టే తెలుగు లేఅవుట్ పేరు యాపిల్ కీబోర్డు. జన్మలో యాపిల్ కంప్యూటర్ ముట్టనివాడు కూడా "నాది యాపిల్ టైపింగ్ అన్నా" అంటాడు. ఇవాళ్టి మ్యాక్‌లో మాత్రం ఆ పేజ్‌మేకర్ నడవదు.

యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షరాల పద్ధతిలో) కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకు ఈ బంధం లేదు. విండోస్‌లో 2019 నుంచి తెలుగు ఫోనెటిక్ కీబోర్డు లోపలే వస్తోంది. మ్యాక్‌లో తెలుగు కీబోర్డు, కోహినూర్ తెలుగు ఫాంటు ముందే ఉంటాయి. లినక్స్‌లో పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు వేసుకోవచ్చు. ఎన్‌టీఆర్, మండలి, సురవరం లాంటి ఉచిత ఫాంట్లు మూడింట్లోనూ ఒకేలా పనిచేస్తాయి. ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి కనబడితే ఫాంటును తిట్టకండి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టండి, సర్దుకుంటుంది. అంటే యూనికోడ్ వాడే డిజైనర్‌కు ప్లాట్‌ఫామ్ స్వేచ్ఛ ఉంది. అను ఫైళ్ల గుట్ట ఉన్న మాలాంటివాళ్లకు లేదు. ఉన్న పాత విండోస్ సిస్టమ్‌ను పక్కన అట్టే ఉంచుకుని మ్యాక్ కొనుక్కుంటే తప్ప.

ప్రాసెసర్ అంటే గుమాస్తానా, హమాలీనా?

ఇప్పుడు ఫాస్టు సంగతి. షాపులో మొదట చెప్పేది గిగాహెర్ట్జ్, అంటే ప్రాసెసర్ సెకనుకు ఎన్ని వంద కోట్ల లయలు (సైకిళ్లు) కొడుతుందన్న అంకె. ఆ అంకె మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. 2004లోనే పెంటియం 4 ప్రాసెసర్ 3.8 గిగాహెర్ట్జ్‌తో వచ్చింది. ఇప్పటి ఐ5-12400 గరిష్ఠంగా పోయేది 4.4. ఇరవయ్యేళ్లలో వచ్చిన తేడా ఆ 0.6 గిగాహెర్ట్జ్‌లో లేదు. ఒక్కో లయకు ఎంత పని చేస్తుందన్న దాంట్లో ఉంది, ఎన్ని కోర్లు, అంటే పనిచేసే చేతులు, ఉన్నాయన్న దాంట్లో ఉంది.

మండీ భాషలో చెప్తా. లారీ నుంచి కాయలు దించాలంటే పదిమంది హమాలీలుంటే పది రెట్లు తొందరగా అవుతుంది. లెక్క రాయాలంటే గుమాస్తా ఒక్కడే, ఇంకో తొమ్మిదిమందిని కూర్చోబెట్టినా ఆ పుస్తకం ఒక్కడే రాయాలి. సింగిల్-కోర్ వేగం అంటే గుమాస్తా చెయ్యి వేగం. మల్టీ-కోర్ అంటే హమాలీల గుంపు. ట్యాలీలో ఓచర్ కొట్టడం, బ్రౌజర్ తెరవడం, వర్డ్, ఎక్సెల్, ఇవన్నీ ఎక్కువగా గుమాస్తా పనులు. వీడియో ఎక్స్‌పోర్ట్, త్రీడీ రెండర్, పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేయడం హమాలీ పనులు.

గుమాస్తా పనిలో మ్యాక్ మినీలోని యాపిల్ ఎం4 ప్రాసెసర్ నిజంగానే ముందుంది. వేగం కొలిచే గీక్‌బెంచ్ 6 పరీక్షలో సింగిల్-కోర్ స్కోరు దానికి 3,700 దరిదాపుల్లో వస్తుంది, ఐ5-12400కు 2,300 దరిదాపుల్లో. ఎం4లో పది కోర్లు: నాలుగు గట్టివి, ఆరు కరెంటు పొదుపువి. ఈ రెండు రకాల కోర్ల పద్ధతిని ఇంటెల్ కూడా 2021లో 12వ తరం డెస్క్‌టాప్‌లతో తెచ్చింది. అయితే ఐ5-12400లో పొదుపు కోర్లు లేవు, ఆరూ గట్టివే, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు).

అయినా ఒక మాట. ఓచర్ ఎంట్రీ కొట్టేటప్పుడు ప్రాసెసర్ మన వేలికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. 3,700 ఎదురుచూసినా, 2,300 ఎదురుచూసినా ఎదురుచూపే. ఆఫీసు పనికి మనిషికి తెలిసేంత తేడా తెచ్చేది పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయడం, ఎనిమిది జీబీ ర్యామ్‌ను పదహారు చేయడం.

ఇక్కడే మనూళ్లో బాగా నడిచే ఒక మాయ చెప్పాలి. "ఐ7 సిస్టమ్, చవకలో" అని సెకండ్‌హ్యాండ్ డబ్బాలు వస్తాయి. ఐ7 నిజమే. తరం చూడండి. ఐ7-4770 అంటే 2013 నాటి నాలుగో తరం. 12వ తరం ఐ3-12100 దాంట్లాగే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, కానీ పనిలో దాదాపు రెట్టింపు. పైగా ఆ పాత ఐ7కు విండోస్ 11 అధికారికంగా రాదు. ఇంటెల్‌లో 8వ తరం, రైజెన్‌లో 2000 సిరీస్ నుంచే దానికి అర్హత. 3, 5, 7 అనే అంకె కన్నా గీత తర్వాత వచ్చే అంకెల్లో మొదటి ఒకటి రెండు చూడటం నేర్చుకుంటే వేలు మిగులుతాయి.

చివర ఉండే ఇంగ్లీషు అక్షరం కూడా చూడాలి. నాకిది తగిలిన దెబ్బే. కొన్నేళ్ల కిందట ఒక షాపులో అసెంబుల్ చేయించి ఇంటికి తెచ్చి మానిటర్ తగిలిస్తే తెర నల్లగానే ఉండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, బొమ్మ లేదు. రెండ్రోజులు మానిటర్‌నూ కేబుల్‌నూ అనుమానించి, చివరికి బిల్లు చూస్తే ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్. ఇంటెల్‌లో ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డు వేయాల్సిందే. షాపతను నాకు వెయ్యి తగ్గించానని సంతోషపెట్టి, కార్డుకు అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టించాడు. రైజెన్‌లో 5600 అంటే గ్రాఫిక్స్ లేదు, 5600జి అంటే ఉంది.

ఇంటెల్, రైజెన్ మధ్య తేల్చుకోవాలంటే మదర్‌బోర్డు ఆయుష్షు కూడా లెక్కలోకి తీసుకోండి. ఏఎండీ ఏఎం4 సాకెట్ (మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు) 2017 నాటి మొదటి రైజెన్ నుంచి 5000 సిరీస్ దాకా నడిచింది. ఇప్పటి ఏఎం5కు 2027 దాకా, ఆపైనా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఆ కంపెనీ చెప్పింది. ఇంటెల్ 1700 సాకెట్ 12, 13, 14 తరాలతో సరి. నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటి మార్చుకునే అలవాటున్నవాడికి ఏఎం5 మేలు. ఒకసారి కొని పదేళ్లు లోపల చెయ్యి పెట్టనివాడికి ఈ లెక్క అక్కర్లేదు. ఇంటెల్ 13, 14 తరాల్లో పెద్ద ప్రాసెసర్లకు వోల్టేజ్ ఇబ్బంది వచ్చి సిస్టమ్‌లు క్రాష్ అయిన సంగతి 2024లో పెద్ద రచ్చయింది. ఇంటెల్ బయోస్ అప్‌డేట్ ద్వారా వచ్చే మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ తరాలు కొంటే బయోస్ అప్‌డేట్ చేయించాకే డబ్బు ఇవ్వండి.

పెళ్లి ఆల్బమ్, పెళ్లి వీడియో

కంప్యూటర్ నిజంగా చెమటోడ్చేది ఫొటో స్టూడియోల్లోనే. 12×36 ఆల్బమ్ షీటు తీసుకోండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600 నిలువు, 10,800 అడ్డం. గుణిస్తే 3.89 కోట్ల చుక్కలు. ఒక్కో చుక్కకు మూడు బైట్లు, అంటే ఒక్క లేయర్‌కే 11.7 కోట్ల బైట్లు. మెడలో పూలదండ ఒక లేయర్, వెనక గుడి గోపురం ఒక లేయర్, అంచున బంగారు ముగ్గు ఒక లేయర్... ఇరవై లేయర్లకు రెండు జీబీ దాటింది. అలాంటి షీట్లు నాలుగు తెరిచి, పక్కన క్రోమ్‌లో పాటలు పెట్టుకుంటే పదహారు జీబీ ర్యామ్ ఎటుపోయిందో తెలీదు. స్టూడియోవాళ్లు ముప్పై రెండు కన్నా తక్కువ తీసుకోవద్దని నేను చెప్పేది అందుకే.

ఇక్కడ మ్యాక్ మినీకి ఒక మేలు, ఒక కీడు. ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి, ఆ ర్యామ్ వేగం ఎం4లో సెకనుకు 120 జీబీ. డీడీఆర్4-3200 రకం ర్యామ్ రెండు స్టిక్కులు వేసిన అసెంబుల్డ్‌లో అది 51 జీబీ, ఒకే స్టిక్కు వేస్తే అందులో సగం. (అసెంబుల్డ్ తీసుకునేవాళ్లు పదహారు జీబీ స్టిక్కు ఒకటి కాకుండా ఎనిమిదివి రెండు వేయించుకోండి, లోపలి గ్రాఫిక్స్ వాడేవాళ్లకు తేడా కంటికి కనబడుతుంది.) కీడు ఏమిటంటే మ్యాక్‌లో కొన్నరోజు ఉన్న ర్యామే ఆఖరిదాకా. 2024లో ఎం4 మినీ వచ్చినప్పుడు 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ మోడల్ 59,900 రూపాయలు. స్టోరేజీ 512 చేస్తే 79,900. ఆపైన ర్యామ్ 24 చేస్తే 99,900. మొదటి మెట్టు చవకే, రెండో మెట్టు నుంచి కాలు నొప్పి పుడుతుంది.

వీడియోలో అసలు ప్రశ్న కెమెరాది. కొత్త సోనీ, క్యానన్ కెమెరాల్లో 4:2:2 టెన్-బిట్ అని పెట్టి తీస్తారు, రంగులు బాగా నిలుస్తాయి. ఆ హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతి) ఫైలును టైమ్‌లైన్ మీద వేస్తే చాలా సిస్టమ్‌లు కుంటుతాయి. దాన్ని విప్పే ప్రత్యేక భాగం చిప్పులో ఉందా లేదా అన్నదే కారణం, కోర్ల లెక్క కాదు. ఇంటెల్ డెస్క్‌టాప్‌లలో 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌లో అది ఉంది. యాపిల్ ఎం సిరీస్‌లో మొదటి నుంచీ ఉంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చింది. అంటే ఎఫ్ లేని ఐ5 కొన్నవాడి టైమ్‌లైన్ మెత్తగా నడుస్తుంటే, అంతకన్నా ఖరీదైన రైజెన్‌కు పాత గ్రాఫిక్స్ కార్డు జతచేసినవాడు ప్రాక్సీ ఫైళ్లు (తేలికపాటి నకళ్లు) తయారుచేసుకుంటూ కూర్చుంటాడు. ఎంతమందికి చెప్పినా "కార్డు ఉంది గదన్నా" అంటారు.

సాఫ్ట్‌వేర్ చూస్తే మన పెళ్లి ఎడిటర్ల చెయ్యి ఎడియస్ మీద తిరిగి ఉంది. అది విండోస్‌కే. ఫైనల్ కట్ మ్యాక్‌కే. ప్రీమియర్, ఫొటోషాప్ రెండింట్లో. డావిన్సీ రిజాల్వ్ మూడింట్లోనూ ఉంది, అయితే లినక్స్‌లో ఉచిత వెర్షన్ మామూలు కెమెరాల హెచ్.264, హెచ్.265 ఫైళ్లు తీసుకోదు. ఎడియస్ వదిలి కొత్తది నేర్చుకునే ఓపికున్న కుర్రాడికైతే మ్యాక్ మినీ కొనమనే చెప్తాను. సీజన్ మధ్యలో మాత్రం మారొద్దు.

మే నెల, ఆషాఢం గాలి

ప్రాసెసర్ పరీక్షలన్నీ ఏసీ గదుల్లో చేస్తారు. మన షాపుల్లో మే నెలలో రేకుల కింద నలభై రెండు ఉంటుంది. ఏసీ గదిలో పాతిక అనుకుంటే ఇది పదిహేడు డిగ్రీలు ఎక్కువ, లోపలి చిప్పూ దాదాపు అంతే ఎక్కువ వేడిలో మొదలవుతుంది. ఇంటెల్ వంద డిగ్రీల దగ్గర, రైజెన్ తొంభై ఐదు దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అందుకే మనవైపు కే అక్షరం ఉన్న పెద్ద ప్రాసెసర్‌కు డబ్బు పోసి దాంతో వచ్చే ఫలితాన్ని వేసవిలో చూడలేకపోవడం కన్నా, 65 వాట్ల ప్రాసెసర్ తీసుకుని మిగిలిన డబ్బుతో గాలాడే క్యాబినెట్, మంచి కూలర్ కొనుక్కోవడం మేలు. ఆషాఢంలో గాలికి దుమ్ము లేస్తుంది, ఆ నెల అయిపోగానే బ్లోయర్‌తో ఒకసారి ఊదించండి. తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్లలో అయితే నెలనెలా.

కరెంటు విషయంలో మ్యాక్ మినీ పొదుపు. ఊరకున్నప్పుడు నాలుగు వాట్లు, గట్టిగా నడిస్తే 65 దాకా అని యాపిల్ లెక్క. అసెంబుల్డ్ ఊరికే ఉన్నా ముప్పై నలభై వాట్లు తాగుతుంది. ముప్పై వాట్ల తేడా అనుకుంటే రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులకు 90 యూనిట్లు. బిల్లులో పెద్దగా తెలియదు గానీ 600 వీఏ యూపీఎస్ మీద ఎంతసేపు నిలబడుతుందన్న దాంట్లో బాగా తెలుస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద సిస్టమ్ నడిపేవాళ్లు, కరెంటు పోగానే రీస్టార్ట్ అవుతుంటే, ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి.

బీటెక్ పిల్లలకు

సీఎస్ఈ అయితే మూడింట్లో ఏదైనా ఫరవాలేదు. పైథాన్, జావా, సీ అన్నీ అంతటా ఉన్నాయి. ఐఫోన్ యాప్ రాయాలంటే మాత్రం ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్‌లోనే. సివిల్ వాళ్లకు స్టాడ్ ప్రో, రెవిట్, మెకానికల్ వాళ్లకు సాలిడ్‌వర్క్స్ అన్నీ విండోస్‌వే. ఈసీఈ వాళ్ల వివాడో విండోస్, లినక్స్‌లలో ఉంది, మ్యాక్‌లో లేదు. ప్రవేశ పరీక్ష ర్యాంకు రాగానే బ్రాంచి తెలియకముందే కంప్యూటర్ కొనే తల్లిదండ్రులున్నారు. కొంచెం ఆగండి.

విండోస్ 10 ఆగింది, పాతదాన్ని పారేయాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. విండోస్ 11 రాని పాత సిస్టమ్‌లు ఇళ్లలో బోలెడున్నాయి. వాటికి లినక్స్ మింట్ 22 వేసి చూడండి, 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి, ఖర్చు లేదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ప్రింటరు, వైఫై పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు, డిస్క్ ముట్టనక్కర్లేదు. ఇంట్లో పిల్లల చదువు, యూట్యూబ్, ఉత్తరాలు రాసుకోవడానికి లిబ్రే ఆఫీస్, ఇంతకు ఆ పాత డబ్బా హాయిగా సరిపోతుంది. నా షాపులో నెట్ చూడటానికి పెట్టింది అదే. వైరస్ పెన్‌డ్రైవ్‌లన్నీ ముందు దాంట్లోనే పెట్టి చూస్తాను. ట్యాలీ, అను, టోకెన్ ఉన్న సిస్టమ్‌కు మాత్రం ఈ సలహా కాదు.

కొనేటప్పుడు ఒక మాట. మనవాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు అంటే ఒక మోజు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి పార్టులతో వచ్చేయొచ్చు. రెండు మూడు వేలు తగ్గే మాట నిజమే. చెడిపోతే మళ్లీ రెండు వందల కిలోమీటర్లు పోవాలన్న మాటా నిజమే. ఎక్కడ కొన్నా ప్రతి పార్టుకూ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడగండి. విండోస్ లైసెన్సు కొటేషన్‌లో ఉందా, "వేసిస్తాంలే" అన్నారా అన్నది తేల్చుకోండి. వేసిస్తామన్నది లైసెన్సు కాదు. ఆ ఖర్చు కలిపితేనే మ్యాక్‌తో పోలిక న్యాయంగా ఉంటుంది. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి కాబట్టి, అంతకుముందు ఎవరో కొన్న ధర పట్టుకుని బేరం మొదలుపెట్టకండి.

మా బావ చివరికి ఐ3-12100 తీసుకున్నాడు, ఎఫ్ లేనిది. ఎనిమిదివి రెండు ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, సొంత విండోస్ లైసెన్సు. ఐ5 అక్కర్లేదని నేనే చెప్పాను. మిగిలిన డబ్బు వాళ్లబ్బాయి మ్యాక్ కోసం వేరే పెట్టించాను. వాడు సీఎస్ఈ మూడో ఏడాది, యాప్‌ల పిచ్చి ఉంది, విద్యార్థులకు ధరలో తగ్గింపు కూడా ఉంది. ఎర్ర టిక్కు వాడి లెక్కలో సరైనదే.

బిగించిన రోజు అన్నీ ఎక్కాయి, కాటా ఒక్కటి మాట వినలేదు. యూఎస్‌బీ కన్వర్టర్ తనకు తానే కామ్ 7 అని నంబరు ఇచ్చుకుంది. తూకం ప్రోగ్రామ్‌లో ఒకటి నుంచి నాలుగు దాకానే ఉన్నాయి. డివైస్ మేనేజర్‌లోకి పోయి, పోర్టు సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ తెరిచి, ఏడును రెండు చేశాను. బయట హమాలీలు కాటా మీదికి మూటలు ఎక్కించారు. తెర మీద సున్నా కదిలి, 412 దగ్గర నిలబడింది. "పట్టీ కొట్టు" అన్నాడు బావ గుమాస్తాతో.